దుర్గమ్మ కొండ చూశారు సరే... ఆటోనగర్ చూశారా?

విజయవాడ వెళ్ళొచ్చిన వాళ్ళని ఏమేం చూశారని అడిగి చూడండి. ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి దర్శనం, ప్రకాశం బ్యారేజీ మీద సాయంత్రపు గాలి, భవానీ ద్వీపానికి లాంచీ ప్రయాణం, ఓపికుంటే ఉండవల్లి గుహలు. ఆ పైన బీసెంట్ రోడ్డులోనో వన్‌టౌన్‌లోనో చీరల బేరం. ఇంతే గదా! ఆటోనగర్ పేరు ఒక్కరూ చెప్పరు. ఇంట్లో మగవాళ్ళు పొద్దున్నే బండి తీసుకెళ్ళి సాయంత్రం నల్లబడిన చొక్కాతో తిరిగొచ్చే చోటు అది. మనకి తెలిసిందల్లా ఆ చొక్కా మీద మరకే.

నన్నడిగితే విజయవాడలో చూడదగ్గ చోట్లలో అదొకటి. కారు పేరుతో పెద్ద కూడలి ఉన్న ఊరికి కార్లు, లారీల కోసం ఒక పేట ఉండటంలో వింతేముంది? బెంజి సర్కిల్ నుంచి బందరు రోడ్డు పట్టుకుని పటమట దాటితే ఎడమ చేతి వైపు ఆటోనగర్ గేటు వస్తుంది. ఉయ్యూరు, కంకిపాడు వైపు నుంచి వచ్చే మాలాంటి వాళ్ళకి పోరంకి, తాడిగడప, కానూరు దాటాక కుడి చేతికి తగులుతుంది. ఊళ్ళో రోడ్ల పక్కన చెల్లాచెదురుగా ఉన్న షెడ్లన్నిటికీ ఒకచోట స్థలం చూపించాలని 1960ల్లో మొదలుపెట్టిన పేట ఇది. జవహర్ ఆటోనగర్ అని పూర్తి పేరు. ఇప్పుడు వీధుల మీద వీధులుగా పెరిగిపోయింది. 2014లో 'ఆటోనగర్ సూర్య' అని సినిమా కూడా వచ్చింది. ఆ సినిమా చూసి అక్కడంతా కత్తులూ కొట్లాటలే అనుకునేరు! నాకు కనిపించింది సుత్తి దెబ్బలూ, టీ గ్లాసులూను.

లోపలికి అడుగు పెట్టగానే ముందు చెవులకి పని. రేకు మీద సుత్తి, గ్రైండరు కీచుమనే చప్పుడు, ఎక్కడో లారీ ఇంజను ఒకసారి గర్జించి ఆగిపోవటం. తర్వాత ముక్కుకి. డీజిలు, కాలిన ఇనుము, తడి పెయింటు, వీటన్నిటి మధ్య నుంచి ఎవరో అల్లం టీ కాస్తున్న వాసన. వీధికో వృత్తి. ఒక వరసంతా లారీ బాడీలు కట్టేవాళ్ళే. ఉత్త ఛాసిస్ మీద చెక్కా ఇనుమూ పెట్టి ఇల్లు కట్టినట్టు కట్టుకొస్తుంటారు. ఇంకో వరస పట్టీలు, స్ప్రింగులు. మరో వరసలో రేడియేటర్లకి మాట్లు వేస్తుంటారు. కొత్త లారీ వెనక తలుపు మీద తామరపువ్వు వేస్తున్న ఒక పెయింటరు దగ్గర నేను పది నిమిషాలు నిలబడిపోయాను. ముగ్గు వేసే చెయ్యి ఎంత నిదానంగా సాగుతుందో అంత నిదానం. చుక్కలు లేవు, కొలత లేదు. రేకలు మాత్రం అన్నీ ఒకే అంత!

కుషన్లు కుట్టే కొట్లో ఇద్దరు ఆడవాళ్ళు కుట్టుమిషన్ల మీద సీటు కవర్లు కుడుతున్నారు. మందపాటి రెగ్జిన్ మన జాకెట్టు గుడ్డలా వంగదు కదా, ఆ చేతుల బలమే వేరు.

సరే, ఇంతకీ నాకు అక్కడేం పని అంటారా? చెప్తాను.

మాకొక మారుతి 800 ఉంది. 2001లో మా మామగారు కొన్నది. ఆయన పోయాక మావారు ఉద్యోగరీత్యా విశాఖలో ఉండిపోవటంతో బండి నా చేతికొచ్చింది. మా అత్తగారికి వారానికి రెండుసార్లు విజయవాడలో డయాలిసిస్. ఉయ్యూరు నుంచి పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి తిరుగు ప్రయాణం. డయాలిసిస్ అయ్యాక ఆవిడ కూర్చోలేరు. వెనక సీట్లో దిండు పెట్టి పడుకోబెట్టి తీసుకొస్తాను. బస్సులో అది కుదిరే పనేనా చెప్పండి? బయట కారు మాట్లాడుకుంటే రానూపోనూ, వెయిటింగుతో కలిపి మా దగ్గర రెండు వేలు అడుగుతున్నారు. నెలకి ఎనిమిది ట్రిప్పులంటే పదహారు వేలు. కాబట్టి పాతదో గీతదో, ఆ తెల్లకారే మాకు ఆధారం.

అలాంటి బండి ముందు ఎడమ చక్రం దగ్గర నుంచి 'టక్... టక్' అనటం మొదలుపెట్టింది. స్పీడు బ్రేకరు ఎక్కితే ఒకసారి, దిగితే ఒకసారి. స్టీరింగు కూడా చెప్పిన మాట వినని పిల్లాడిలా అటూ ఇటూ పాకుతోంది. తిన్నగా పోనిస్తున్నా చేత్తో దిద్దుకుంటూ ఉండాల్సి వస్తోంది. టైరు చూస్తే లోపలి అంచు నున్నగా అరిగి, బయటి అంచు కొత్తదానిలా ఉంది. ఈ మూడూ కలిసి కనిపిస్తే ముందు అనుమానించాల్సింది బాల్ జాయింటుని.

బాల్ జాయింటంటే ఏదో పెద్ద యంత్రం అనుకోకండి. అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. మన తుంటి కీలు ఎలా ఉంటుందో అలాంటిదే. తొడ ఎముక పైకొస బంతిలా గుండ్రంగా ఉండి, నడుం దగ్గర ఎముకలోని గిన్నెలో కూర్చుంటుంది గదా? కారు ముందు చక్రానికీ ఇదే ఏర్పాటు. బండి అడుగు నుంచి ఒక ఇనప చెయ్యి వచ్చి చక్రాన్ని పట్టుకుని ఉంటుంది. దాన్ని లోయర్ ఆర్మ్ అంటారు. ఆ చెయ్యీ చక్రం ఇరుసూ కలిసే చోట ఉక్కు బంతి, ఉక్కు గిన్నె. గుంటలో పడితే చక్రం పైకీ కిందికీ కదలాలి, స్టీరింగు తిప్పితే పక్కలకీ తిరగాలి. రెండు పనులూ ఒకే కీలు చెయ్యాలంటే అది బంతే అయ్యుండాలి. పూర్వపు బండ్లలో దీని బదులు కింగ్‌పిన్నులు ఉండేవి. లారీలకి ఇప్పటికీ అవే. వాటికి తరచూ గ్రీజు కొట్టాలి. చిన్నకార్ల బాల్ జాయింట్లకి ఆ అవసరం లేకుండా లోపలే గ్రీజు నింపి, పైన రబ్బరు తొడుగు వేసి మూసేస్తారు.

అసలు కథంతా ఆ రబ్బరు తొడుగులో ఉంది. దీన్ని మెకానిక్కులు బూట్ అంటారు. ఆవకాయ జాడీకి వాసెన ఎందుకు కడతాం? గాలీ తడీ చేరకూడదని. వాసెన గుడ్డ చిరిగి తడి చేరితే బూజు పడుతుంది. ఇక్కడా అంతే. ఎండకీ వానకీ రబ్బరు బీటలిస్తుంది. ఆ బీటలోంచి బురదనీళ్ళు, ఇసక లోపలికి పోతాయి, గ్రీజు బయటికి పోతుంది. ఇసక కలిసిన గ్రీజు ఉక్కుని రోట్లో వేసి నూరినట్టు నూరేస్తుంది. బంతి అరిగి గిన్నెలో లొడలొడలాడుతుంది. మన డెల్టాలో రోడ్ల మీద నీళ్ళు నిలిచే రోజులకి లోటు లేదు కదా! ఇరవై ఏళ్ళు దాటిన బండి ఎవరు తయారుచేసినదైనా రబ్బరుకి ఇరవై ఏళ్ళు నిండినట్టే.

చప్పుడేగా, పోనిద్దూ అనుకునే జబ్బు కాదిది. ఏసీ పనిచెయ్యకపోతే చెమట పడుతుంది, హారను మోగకపోతే అరుస్తాం. బాల్ జాయింటు బాగా అరిగితే ఒకరోజు ఆ బంతి గిన్నెలోంచి ఊడి బయటికొచ్చేస్తుంది. అప్పుడు చక్రం పక్కకి వాలిపోతుంది, బండి ముందు భాగం ఆ పక్క రోడ్డు మీద కూలబడుతుంది. స్టీరింగు మన చేతిలో ఉన్నా ఆ చక్రం మన మాట వినదు. ఇల్లు చేరబోతూ వాకిట్లో నెమ్మదిగా తిప్పుతుండగా ఊడితే అదృష్టం. మా వైపు పక్కనే కాలవ ఉన్న రోడ్లు ఎన్ని! కరకట్ట మీద వెళ్తే ఒక పక్క లోతు. వెనక సీట్లో లేచి కూర్చోలేని మనిషి ఉంది. నాకు రెండు రాత్రులు సరిగా నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి కాదు.

ఆటోనగర్ వెళ్ళటానికి ముందే ఒక షెడ్డులో ఈ పని 'అయిపోయింది'. పేరు, ఊరు ఎందుకు లెండి. బాల్ జాయింట్లు రెండూ కొత్తవి వేశామని పద్ధెనిమిది వందలు తీసుకున్నారు. వారం రోజులు చప్పుడు లేదు. తర్వాత మళ్ళీ టక్ టక్. తర్వాత తెలిసిందేమిటంటే పాత జాయింట్లలోకే గ్రీజు కూరి, పైన కొత్త రబ్బరు తొడుగులు తొడిగారు! బయటికి కనిపించేది తొడుగే కాబట్టి వంగి చూసినా కొత్తదే అనిపిస్తుంది. గ్రీజు ఉన్నంతకాలం చప్పుడు అణగుతుంది, అరుగుదల అలాగే ఉంటుంది. ఇలాంటిదే ఇంకో పద్ధతి కూడా నడుస్తోందట. లూజైన గిన్నెని బయట నుంచి వెల్డింగు పెట్టి బిగించటం. మీ బండికి ఎవరైనా ఆ మాటంటే వెంటనే తాళాలు తీసుకుని వచ్చెయ్యండి. వెల్డింగు వేడికి లోపలున్న ప్లాస్టిక్ పొర కరిగిపోతుంది, ఉక్కు గట్టిదనమూ పోతుంది. చప్పుడు పోవచ్చు గానీ ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

అందుకే ఒక గురువారం, డయాలిసిస్ లేని రోజు చూసుకుని, మా తోడికోడల్ని వెంటేసుకుని నెమ్మదిగా నలభై దాటకుండా ఆటోనగర్ చేరాను. మా అన్నయ్య స్నేహితుడు చెప్పిన షెడ్డు అది. మేస్త్రికి అరవై ఏళ్ళుంటాయి. కళ్ళజోడుకి ఒక పక్క దారం కట్టుకున్నాడు. నన్నూ, బండినీ చూసి "డ్రైవరు ఏడమ్మా?" అన్నాడు.

"నేనే" అన్నాను.

"అట్టాగా! అయితే సీట్లో మీరే కూర్చోండి. నేను చెప్పినప్పుడు బ్రేకు తొక్కాలి" అన్నాడు. నాకు ఆ మాట నచ్చింది. పక్కకి నిలబడమనలేదు చూశారూ!

ఆయన చేసిన పరీక్ష మీకూ చెప్తాను. ఇంట్లో జాకీ, పక్కన ఒక మనిషి ఉంటే మీరూ చేయించవచ్చు. బండిని జాకీతో ఎత్తి, కింద స్టాండు పెట్టి (ఉత్త జాకీ మీద ఉన్న బండి కింద ఎవరూ దూరకూడదు), చక్రాన్ని పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపాలి. టక్కున కదిలితే లూజు ఉన్నట్టు. అయితే ఆ లూజు చక్రం బేరింగుదీ కావచ్చు. అందుకని లోపలున్న వాళ్ళని బ్రేకు గట్టిగా తొక్కమని మళ్ళీ ఊపాలి. బ్రేకు తొక్కితే లూజు పోయిందా, అది బేరింగు. పోలేదా, బాల్ జాయింటు. కుడీ ఎడమా పట్టుకుని ఊపినప్పుడు కదిలితే అది టై రాడ్ ఎండ్ అని స్టీరింగు వైపు ఉండే మరో చిన్న కీలు కావచ్చు. ఈ మూడూ వేరువేరు సామాన్లు, వేరువేరు ధరలు. ఏది పోయిందో తేల్చకుండా "అన్నీ మార్చేద్దాం" అనే చోట బిల్లు ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు.

నేను బ్రేకు తొక్కాను. చక్రం టక్కుమంది. మేస్త్రి ఆ కొత్త రబ్బరు తొడుగుని స్క్రూడ్రైవరుతో వెనక్కి ఒలిచి నన్ను దిగి చూడమన్నాడు. లోపల గ్రీజు నల్లగా, చేత్తో తీస్తే గరగరమంటూ. బంతి చుట్టూ గోరు దూరేంత సందు. కుడి పక్కది ఇంత కాదు గానీ అదీ బయల్దేరింది.

"అమ్మా, ఎవరిచేత చేయించారో నేనడగను. ఇట్టా మాత్రం ఇంకొక్క నెల తిప్పమాకండి" అన్నాడు.

సామాను కొట్టు రెండు సందుల అవతల. మేస్త్రి కుర్రాణ్ణి తోడిచ్చి మమ్మల్నే వెళ్ళి కొనుక్కోమన్నాడు. కొట్టాయన మూడు డబ్బాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి పేరూ ఊరూ లేని ఒట్టి బాల్ జాయింటు, 280. రెండోది పేరున్న కంపెనీ జాయింటు, 520. మూడోది జాయింటూ, రబ్బరు బుష్షూ బిగించి ఉన్న పూర్తి లోయర్ ఆర్మ్, 1,150. ఇవన్నీ ఒక్కో పక్కకి. నాకు మొదట చెయ్యి 520 మీదికే వెళ్ళింది. మా తోడికోడలు "అక్కా, మేస్త్రిని అడుగుదాం" అని ఫోను చేయించింది.

ఆయన చెప్పిన లెక్క ఇది. ఒట్టి జాయింటు కొంటే పాత ఆర్మ్‌లోంచి అరిగిన దాన్ని ప్రెస్సు మీద ఒత్తి తియ్యాలి, కొత్తదాన్ని ఒత్తి ఎక్కించాలి. దానికి వేరే మజూరీ. ఇరవై ఏళ్ళు తుప్పు పట్టిన ఆర్మ్‌లో ఆ రంధ్రం సాగి ఉంటే కొత్తది బిగువుగా కూర్చోదు. రెండో కొసన ఉన్న బుష్షులు ఎలాగూ పగిలాయి, ఆరు నెలలకి వాటి కోసం ఇదంతా మళ్ళీ విప్పాలి. కాబట్టి పాతబండికి ఆర్మ్ మొత్తం మార్చటమే చివరికి చవక. ఆర్మ్ నిగనిగలాడుతూ ఉన్న ఐదారేళ్ళ బండయితే ఒట్టి జాయింటు చాలు. నాకీ లెక్క సబబుగా తోచింది. గారెల పిండికి పాడైన గ్రైండరు రాయి ఒక్కటే మార్చి, తెగబోతున్న బెల్టు అలాగే ఉంచం గదా!

రెండు పక్కలా ఎందుకంటారేమో. ఒకే బండి, ఒకే రోడ్లు, ఒకే వయసు. ఒకటి పోయిందంటే రెండోది దాని వెనకే. పైగా ఒక పక్క బిగువు, ఒక పక్క వదులు ఉంటే బండి ఒక వైపుకి లాగుతుంది.

డబ్బా మీద ముద్ర, హోలోగ్రాము, లోపల సామాను మీద చెక్కిన నంబరు చూసి తీసుకోండి. పేరున్న కంపెనీల డబ్బాలని పోలిన డబ్బాలు మార్కెట్లో ఉంటాయి. బిల్లు అడగండి. ఇంకొకటి, ఆటోనగర్‌లో పాత బండ్లు విప్పి అమ్మే యార్డులున్నాయి. తలుపులు, అద్దాలు, సీట్లు అక్కడ నిక్షేపంగా కొనుక్కోవచ్చు. బాల్ జాయింటు మాత్రం సెకండుహ్యాండుది ఊరికే ఇచ్చినా వద్దు.

పని మొదలయింది. కుడి పక్క ముప్పావు గంటలో అయిపోయింది. ఎడమ పక్క మా సహనాన్ని పరీక్షించింది. 800లో స్టెబిలైజర్ బార్ అని వంపు తిరిగిన పొడుగాటి కడ్డీ ఒకటి ఈ లోయర్ ఆర్మ్‌కే నట్టుతో బిగించి ఉంటుంది. ఆ నట్టు తుప్పుకి కడ్డీలో కలిసిపోయింది. తుప్పు వదిలించే నూనె కొట్టి అరగంట ఆగారు. కదల్లేదు. పానాకి పైపు తగిలించి ఇద్దరు వేలాడారు. కదల్లేదు. గ్యాసు మంట పెట్టి నట్టుని ఎర్రగా కాల్చి సుత్తితో నాలుగు వైపులా తడితే అప్పుడు కిర్రుమంది. ఆర్మ్ ఎలాగూ పారేసేదే కనుక మంట పెట్టినా ఫరవాలేదట. పక్కనున్న బ్రేకు గొట్టానికి మాత్రం తడిగుడ్డ చుట్టారు. ఇక చక్రం వైపు జాయింటుని పట్టుకుని ఉన్న బోల్టు తిప్పబోతే తల తెగి ఊడొచ్చింది! మిగిలిన ముక్కని డ్రిల్లుతో తొలిచి తియ్యటానికి ఇంకో గంట. కొత్త బండికి గంటన్నర పని మాకు నాలుగు గంటలు పట్టింది. పాతబండి రిపేరులో సామాను ఖరీదు కంటే ఈ తుప్పుపట్టిన బోల్టులదే అసలు పెత్తనం. "ఎంతవుతుంది మేస్త్రిగారూ?" అని ముందుగా అడిగితే సరైన జవాబు ఎందుకు రాదో నాకు ఆ రోజు అర్థమైంది. విప్పితే గానీ ఆయనకీ తెలియదు.

ఒక విషయం బాగా చూసుకోండి. కొత్త ఆర్మ్ ఎక్కించాక బుష్షు బోల్టుల ఆఖరి బిగింపు బండి జాకీ మీద ఉండగా చెయ్యకూడదు. నాలుగు చక్రాలూ నేల మీద ఆనాక బిగించాలి. కూర్చుని కట్టుకున్న చీర కుచ్చిళ్ళు లేచి నిలబడితే పైకెక్కవూ? అలాగే గాల్లో బిగించిన రబ్బరు బుష్షు, బండి బరువు పడగానే మెలితిరిగి త్వరగా చిరుగుతుంది. నట్లకి దూర్చే స్ప్లిట్ పిన్నులు పాతవి వంచి మళ్ళీ వాడకూడదు, కొత్తవి వెయ్యాలి. రెండు రూపాయల వస్తువు అది.

చివరికి వీల్ అలైన్‌మెంటు. ఇది చేయించకుండా ఇంటికి వస్తే కొత్త జాయింట్లు పెట్టీ టైర్లు అరగదీసుకున్నట్టే. నూరడుగుల రోడ్డులో ఒక చోట చేయించాం. కంప్యూటరు తెర మీద నాలుగు చక్రాల బొమ్మా వస్తుంది, ఎరుపు అంకెలు పచ్చబడితే సరి అయినట్టు. చేసే ముందొక కాగితం, చేశాక ఒక కాగితం ఇస్తారు. రెండూ అడిగి తీసుకోండి.

మాకైన ఖర్చు చెప్పేస్తాను, మీకు అంచనా తెలుస్తుంది. ఆర్మ్‌లు రెండూ 2,300. బోల్టులు, పిన్నులు, నూనె కలిపి 120. మజూరీ 900. తెగిన బోల్టు తీసినందుకు వేరేగా 300. అలైన్‌మెంటు, బ్యాలెన్సింగు 600. మొత్తం 4,220. అద్దె కారులో రెండు ట్రిప్పుల డబ్బుకి కాస్త ఎక్కువ, అంతే. ఊరిని బట్టి, షెడ్డుని బట్టి ఇది అటూ ఇటూ అవుతుంది.

మాది 800 కాబట్టి బతికిపోయాం అన్నది కూడా నిజమే. 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరి దాకా తయారైన బండి. పాతిక లక్షలకి పైగా రోడ్డెక్కాయి. కాబట్టి ఏ మూలకి వెళ్ళినా సామాను దొరుకుతుంది. మేం అక్కడుండగానే ఒకాయన మాటిజ్ వేసుకుని వచ్చాడు. ఆ కంపెనీ మన దేశంలో మూతపడి ఇరవై ఏళ్ళు దాటింది. దాని లోయర్ ఆర్మ్ కోసం ఆయన మూడు వీధులు తిరిగి ఖాళీ చేతులతో వచ్చి టీ బండి దగ్గర కూలబడ్డాడు, పాపం. సుమో, క్వాలిస్ లాంటి పెద్ద బండ్లకయితే చక్రానికి పైనొకటి కిందొకటి, మొత్తం నాలుగు బాల్ జాయింట్లు. లెక్క రెట్టింపు వేసుకోండి. చవగ్గా వస్తోందని అరుదైన పాతకారు కొనేముందు దాని సామాను ఎక్కడ దొరుకుతుందో ఒకసారి ఆటోనగర్‌లో అడిగి చూసుకోవటం మంచిది.

"నలభై వేలు కూడా రాని బండికి నాలుగు వేలు పెడతావా?" అని మా ఆడపడుచు ఫోనులో అడిగింది. ఆవిడ అడగటంలో తప్పు లేదు. సొంతకారు రిజిస్ట్రేషను పదిహేనేళ్ళకి అయిపోతుంది, ఆ పైన ఫిట్‌నెస్ చూసి ఐదేసి ఏళ్ళకి పొడిగిస్తారు. మాది 2016లో ఒకసారి, 2021లో ఒకసారి పొడిగించాం. అప్పట్లో ఆ ఫీజు 600. 2022 ఏప్రిల్ నుంచి అది 5,000 అయింది. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకి 2025 ఆగస్టులో 10,000 చేశారు. అంటే 2026లో మా బండి కాగితాలకే జాయింట్ల ఖర్చుకి రెండింతలు పైన. పదిహేనేళ్ళు దాటితే బండి పారెయ్యాలన్న ఢిల్లీ గోల మన దగ్గర లేదు గానీ, ముసలి బండిని ఉంచుకోవటం ఏటేటా ప్రియమవుతోందన్నది మాత్రం నిజం.

నా లెక్క వేరు. ఇంజను బాగుంది. కింద నేల తుప్పు పట్టి చిల్లులు పడలేదు. మేస్త్రి చేత అది కూడా చూపించాను. నేల, ఛాసిస్ బాగుంటే కీళ్ళు మార్చుకుని నడపొచ్చు. అవి తుప్పు పట్టి ఉంటే కొత్త కీళ్ళు పెట్టినా పాత గోడకి కొత్త మేకు కొట్టినట్టే, ఆయనే వద్దని చెప్పేవాడట. ఏ నెలలో ఏమవుతుందో తెలియని అత్తగారి ఆరోగ్యం పెట్టుకుని కొత్తకారు వాయిదాలు నెత్తికెత్తుకునే ధైర్యం నాకు లేదు. మా ఆడపడుచుకి అదే చెప్పాను. కాసేపు ఆగి, అలైన్‌మెంటు డబ్బులు తను పంపుతానంది!

మీరు వెళ్ళదలిస్తే పొద్దున తొమ్మిదిన్నరకల్లా వెళ్ళండి. ఆదివారం వద్దు, చాలా కొట్లకి సెలవు. మంచినీళ్ళ సీసా, గొడుగు తప్పదు. షెడ్లలో ఆడవాళ్ళకి వసతి ఉంటుందని నమ్ముకోకుండా, దారిలో పెట్రోలు బంకులో పని ముగించుకుని వెళ్ళండి. నేల మీద మేకులు, రేకు ముక్కలు ఉంటాయి కనుక మూసి ఉండే చెప్పులే వేసుకోండి. ఆకలి విషయంలో బెంగ లేదు. గేటు దగ్గర ఒకావిడ బండి మీద వేసే పెసరట్టు, అందులోకి అల్లం పచ్చడి. బెల్లం కాస్త ముందుకొచ్చి, వెనక నుంచి అల్లం ఘాటు. మేం ఇద్దరం చెరో రెండు తిన్నాం. ఆవిడ పచ్చడిలో చింతపండు ఉడికించి వేస్తుందట. పచ్చిదయితే ఎండకి మధ్యాహ్నానికే రుచి మారుతుందని చెప్పింది.

చీరకి గ్రీజు అంటితే నీళ్ళు పొయ్యకండి, మరక పరుచుకుంటుంది. ముందు చెంచాతో పైపైన గీకి, శనగపిండో టాల్కం పౌడరో మరక మీద దట్టంగా చల్లి ఒక గంట వదిలెయ్యండి. జిడ్డుని పిండి లాక్కుంటుంది. దులిపేసి కుంకుడు రసంతోనో గిన్నెలు తోమే సబ్బునీళ్ళతోనో రుద్ది ఉతకాలి. నేత చీరలకి ఇది చాలు. పట్టుచీర కట్టుకుని ఆటోనగర్ వెళ్ళరని నా నమ్మకం.

కొత్త జాయింట్లు పెట్టిన వారం తర్వాత బోల్టులు ఒకసారి చూపించుకోమన్నాడు మేస్త్రి. తర్వాతి వారం డయాలిసిస్ నుంచి వస్తూ అత్తగారితోనే ఆగాను. ఆయన కింద దూరి, అన్నీ తడిమి, ఒక్క నట్టు పావు చుట్టు తిప్పి లేచాడు. డబ్బులిస్తే వద్దన్నాడు. వెనక సీట్లోకి తొంగి చూసి "పెద్దమ్మగారూ, ఇప్పుడు కుదుపుందా?" అని అడిగాడు. అత్తగారు కళ్ళు తెరవకుండానే, "కుదుపు సంగతి సరే గానీ, ఆ పెసరట్టు వాసన ఎక్కడి నుంచి వస్తోందమ్మాయ్?" అన్నారు.